రెండో కార్డు

"ఇక్కడ సంతకం పెట్టండమ్మా. థియేటర్ రెడీగా ఉంది" అంది నర్సు నాగేశ్వరి, ఫారం మీద పెన్ను పెట్టి.

సంపూర్ణ పెన్ను ముట్టుకోలేదు. ఒళ్లో పద్నాలుగు నెలల బుజ్జి ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, సన్నగా మూలుగుతున్నాడు. గజ్జల్లో నిమ్మకాయంత వాపు.

"రేపటిదాక ఆగితే కాదా మేడం?"

"పేగు జారి ఇరుక్కుందని డాక్టరుగారు చెప్పారు కదండి. ఆగితే ఆ పేగు చచ్చిపోద్ది. పొద్దున్నే తెచ్చుంటే చేత్తోనే లోపలికి నెట్టేవారేమో. వాపు ఎప్పుడు చూశారు?"

"పొద్దుగాల ఆరింటికి."

"ఇప్పుడు ఒంటిగంటన్నర. ఇంతసేపు ఏం చేశారండి?"

సంపూర్ణ బుజ్జి చొక్కా కిందికి లాగి సర్దింది. వాళ్లింట్లో, బైబిల్ వాక్యాల కార్డులుండే వాగ్దానాల డబ్బాలోంచి ఒక కార్డు తీయకుండా ఎవరూ ఏ పనీ మొదలుపెట్టరు. పొద్దున అత్త చంద్రమ్మ కళ్లు మూసుకుని తీసిన కార్డులో, ఓపికతో కనిపెట్టుకుని ఉండమని వచ్చింది. "చూసినవా, దేవుడే ఆగుమంటున్నడు. నూనె రాసి ప్రార్థన చేద్దాం" అంది అత్త. ఆగారు. పన్నెండు కాకముందే బుజ్జి పచ్చగా కక్కుకున్నాడు. అప్పుడు అత్తే బ్యాగు సర్ది, చందానగర్ మెయిన్ రోడ్డు దాకా పరుగెత్తి ఆటో తెచ్చింది. స్కూల్ నుంచి వచ్చే పెద్దపిల్ల కోసం తను ఇంట్లోనే ఉండిపోయింది.

"మీవారేరండి?"

"క్యాబ్ నడుపుతడు. ఎయిర్‌పోర్ట్ తొవ్వల ఉన్నడు. ఫోన్ చేస్తే నువ్వే పెట్టుమన్నడు."

"మరి పెట్టండి."

"ప్రాణానికి ఏమన్న అయితే మాది పూచీ కాదని రాసిన్రు కదా ఈ కాయితంల."

"అందరికీ అదే రాస్తారండి. పెద్ద ఆపరేషనేం కాదు."

"ఒక్క ఫోన్ చేసుకుంట మేడం."

"మళ్లీ ఎవరికండి?"

"దేవున్ని అడగాలె."

నాగేశ్వరి గోడ గడియారం చూసింది. "రెండు నిమిషాలు. ఆయన్ని కాస్త తొందరగా ఎత్తమనండి."

అత్త మొదటి రింగుకే ఎత్తింది.

"అత్తా, ఫ్రిజ్ మీద డబ్బా ఉంటది చూడు. ఒక కార్డు తియ్యి. కోస్తరట. సంతకం పెట్టుమంటున్నరు."

అటునుంచి కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"అత్తా?"

"ఉన్న."

"పొద్దుగాలి లెక్కనే వస్తే నేను పెట్టను. పిలగాన్ని ఎత్తుకొని ఇంటికి వచ్చేస్త."

"జర ఆగు. తీస్తున్న."

సంపూర్ణ ఫోన్ చెవికి నొక్కి పట్టుకుంది. చంద్రమ్మ నలభై ఏళ్లు దాటాక, వాక్యం చదవడానికే మందిరంలో అక్షరాలు నేర్చుకుంది. ఒక్కో కార్డును కూడబలుక్కుని చదవడానికి ఆమెకు ఐదు నిమిషాలు పడుతుంది. ఈసారి ఎక్కడా తడబడలేదు.

"నువ్వు పొయ్యే తావుకు నేను ముందుగాలనే పోయి నిలబడ్డ. వణికే నీ చేతిని నేను పట్టుకుంట. పో. అట్ల వచ్చింది బిడ్డా."

"పో అని ఉన్నదా?"

"ఉన్నది. పెద్ద అక్షరాలతోని ఉన్నది."

"మరి పొద్దుగాల ఆగుమన్నడు కదత్తా?"

"పొద్దుగాల నేను సక్కగ వినలే. ఇప్పుడు విన్న. పెట్టు సంతకం."

సంపూర్ణ ఫోన్ పక్కన పెట్టి పెన్ను తీసుకుంది. ఏడో తరగతిలో బడి మానేశాక సంతకం పెట్టాల్సిన పని ఆమెకు పెద్దగా పడలేదు. ఒక్కో అక్షరం గుండ్రంగా, నిదానంగా రాసింది. చెయ్యి వణకలేదు.

"ఎత్తినట్టున్నాడే" అంది నాగేశ్వరి ఫారం తీసుకుంటూ. తర్వాత బుజ్జిని అందుకుని భుజాన వేసుకుని లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది.

కిటికీ అవతల మాదాపూర్ అద్దాల మేడల కింద, మెళ్లో ఐడీ కార్డులు వేసుకున్న వాళ్లు నిలబడి టీ తాగుతున్నారు. సంపూర్ణ వాళ్లనే చూస్తూ అత్త చదివిన మాటను మళ్లీ మళ్లీ లోపల అనుకుంది. మూడోసారికో నాలుగోసారికో అది నోటికి వచ్చేసింది.

మూడున్నరకు డాక్టర్ బయటికి వచ్చాడు. "పేగు బాగానే ఉందమ్మా. ఇంకో గంట ఆగి ఉంటే కొంత కోసి తీసేయాల్సి వచ్చేది."

ఐదింటికి బుజ్జిని వార్డుకు తెచ్చారు. సంపూర్ణ వాడి పాదం పట్టుకుని కూర్చుని, అత్తకు ఫోన్ చేసింది.

"మంచిగున్నడత్తా. కండ్లు తెరిచిండు."

"స్తోత్రం" అంది చంద్రమ్మ. ఆ తర్వాత ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"అత్తా, ఆ కార్డు మళ్ల డబ్బాల కలపకు. పక్కకు పెట్టు. గోడకు అంటిస్త."



"దాని ఫికర్ ఇప్పుడెందుకు? ముందుగాల పిలగాన్ని చూసుకో" అని చంద్రమ్మ ఫోన్ పెట్టేసింది.

బుజ్జి దగ్గి, మూతి మీదికి కొంచెం చొంగ కార్చాడు.

"శుభ్రమైన బట్టేమైనా ఉందాండి?" అని అడిగింది నాగేశ్వరి.

అత్త సర్దిచ్చిన బ్యాగును సంపూర్ణ అప్పటిదాకా తెరవనే లేదు. జిప్పు లాగి, అడుగున ఉన్న తువ్వాలు బయటికి తీసింది. మడతల్లో గట్టిగా ఏదో తగిలింది. విప్పి చూస్తే వాగ్దానాల డబ్బా. మూత ఊడకుండా అత్త తన పాత చీర అంచుతో కట్టిన ముడి, కట్టినది కట్టినట్టే ఉంది.