లోపలివి మార్చావా?

"బ్రాంచి మార్చావు సరే, లోపలివి కూడా మార్చావామ్మా?"

వెనకనుంచి ఆ మాట వినగానే టీమ్ లీడరమ్మకు ఒళ్లు మండింది.

"మారుస్తాం బాబాయ్ గారూ! రోజుకు పదిసార్లు అడగాలా?"

"అడక్కపోతే మరిచిపోతారుగా," అని నవ్వి పెద్దాయన తన మూల సీటుకు వెళ్లిపోయాడు.

కాంట్రాక్టు మీద వచ్చిన, ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే టెస్టరు. అరవై దాటాయి. ఆఫీసంతా ఆయనకు పెట్టిన పేరు చాదస్తం బాబాయ్.

వాళ్లు రాసేది నెలలు నిండని పిల్లల్ని పడుకోబెట్టే ఇంక్యుబేటర్ల ప్రోగ్రాము. ఆ ప్రోగ్రాము పెట్టెలో పెట్టెల వ్యవహారం. పెద్ద పెట్టెలో వేడికొకటి, తేమకొకటి, అలారానికొకటి చిన్న పెట్టెలు. బ్రాంచి అంటే ఆ ప్రోగ్రాముకే ఇంకో ప్రతి. పాత బ్రాంచి నుంచి కొత్త బ్రాంచికి వస్తే పెద్దది మారుతుంది గాని, లోపలివి కదలకుండా పాతచోటే కూర్చుంటాయి. వాటికి విడిగా చెప్పాలి. మరిచిపోయి సేవ్ చేశామా, కొత్త ప్రోగ్రాములో పాత అలారం చేరుతుంది. దాని మాట దీనికి అర్థం కాదు. పైకి మాత్రం అంతా లక్షణంగా కనిపిస్తుంది.

మరిచిపోవడంలో లీడరమ్మ ఎవరికీ తీసిపోదు. అయినా బెంగ లేదు, 'కాపలా' ఉంది కదా! ఎవరు పాతది పెట్టినా పావుగంటలో కాపలా అనే ఖాతా దాన్ని సరిచేసి, "లోపలిది మార్చబడింది" అని ఒక్క ముక్క రాసేది. ఎప్పుడో ఎవరో పెట్టివెళ్లిన ఆటోమేటిక్ ప్రోగ్రామని అందరి నమ్మకం. పని జరిగిపోతుంటే ఆరా తీసేదెవరు?

"కాపలా ఉండగా ఈయనెందుకండీ, చెవిలో జోరీగ!" అంది మేనేజరుతో. "బుధవారం ఆసుపత్రిలో ఇంక్యుబేటర్ల పరీక్ష. అది పోతే ప్రాజెక్టు నా చేతిలోంచి పోయినట్టే. నన్ను ప్రశాంతంగా పని చేసుకోనివ్వండి."

శుక్రవారంతో ఆయన కాంట్రాక్టు ఆపేశారు.

పోతూ పోతూ ఆమె దగ్గర ఆగాడు.

"వెళ్లొస్తానమ్మా. లోపలివి కాస్త..."

"కాపలా చూసుకుంటుంది లెండి!"

"అదే చెబుదామని..."

ఆమె అప్పటికే ఫోను ఎత్తేసింది. ఆయన వెళ్లిపోయాడు.

మంగళవారం లీడరమ్మ పాత బ్రాంచిలో ఒక తప్పు సరిచేసి, కొత్త బ్రాంచికి వచ్చి, సేవ్ చేసి, ఆసుపత్రికి కాపీ పంపి, హాయిగా ఇంటికి పోయింది.

బుధవారం డాక్టరమ్మ ఖాళీ ఇంక్యుబేటర్‌లో వేడి పెంచింది. ముప్పై ఎనిమిది డిగ్రీలు. ముప్పై తొమ్మిది. నలభై.

అలారం కిక్కురుమనలేదు.

"ఇందులో బిడ్డ ఉండి ఉంటే?" అంది డాక్టరమ్మ.

పరీక్షకు తెచ్చిన పన్నెండు ఇంక్యుబేటర్లనూ అప్పటికప్పుడే వెనక్కి పంపేశారు.

ఆఫీసుకు వస్తూనే లీడరమ్మ, ఖాతాలు చూసుకునే సిస్టమ్ అడ్మిన్ మీద విరుచుకుపడింది.

"కాపలా ఏమైంది? ఎందుకు ఆగింది?"

"ఆ ఖాతా శుక్రవారం మూసేశాను మేడమ్."

"నిన్నెవరు మూయమన్నారు? ముందు ఆ ప్రోగ్రాము మళ్లీ నడిపించు!"

అడ్మిన్ తెల్లబోయాడు.

"ప్రోగ్రామేంటి మేడమ్? మనిషి చెబితే విసుక్కుంటున్నారని, ఆ పేరుతో ఖాతా తెరిపించుకుని ఇన్నాళ్లూ ఒక్కొక్కటీ చేత్తో సరిచేసింది బాబాయ్ గారే."