నిద్ర పట్టని దాలమ్మ

“వచ్చే వారం నుంచి మీరు నా దగ్గరికి రావద్దు, దాలమ్మగారూ.”

డాక్టర్ ధనుంజయ్ ఆ మాట గోడకేసి చూస్తూ అన్నాడు. ఆ హిందీ ఊళ్లోని దేవేంద్ర నగర్‌లో పదిమంది మనసులకు మందిచ్చేవాడికి ఆ పూట ఎదుటి మనిషి మొహం చూసే దమ్ము లేదు.

దాలమ్మ కుర్చీ బర్రున ముందుకు లాగింది. “ఏటి బాబూ, మెడ పట్టుకు గెంటేస్తన్నావా? నానేటి తప్పు సేసినాను? గోలీలు ఏసుకోలేదా? టైముకి రాలేదా?”

“మీ తప్పేం లేదు. ఇదే ఊళ్లో, తెలీబంధా పేటలో డాక్టర్ వీరేంద్ర ఉన్నారు. మంచాయన. చీటీ రాసిస్తాను.”

“ఆయనకి తెలుగొస్తాదా?”

“రాదు. హిందీ.”

“అరే, కూరగాయల బేరానికి హిందీ సరిపోద్ది గానీ ఏడుపుకి సరిపోద్దా? నా బెంగ తెలుగులో వస్తాది. మజ్జిన కూకుని నువ్వు మతలబు సెప్తావా?”

ధనుంజయ్‌కి నవ్వూ వచ్చింది, చెమటా పట్టింది. వానలు మొదలైనప్పట్నుంచీ ఈమెది ఒకటే బాధ. నిద్ర పట్టదు. కూతురు ఎవణ్నో ప్రేమించింది, వాడెలాంటివాడో తెలీదు. “తాడూ బొంగరం లేని ఎదవ” అని ఈ కుర్చీలోనే కూర్చుని తిట్టిపోసేది. ఇతను తలూపుతూ వినేవాడు.

నిన్న సాయంత్రం, తను ప్రేమిస్తున్న భావన ఫోనులో వాళ్లమ్మ ఫోటో చూపించింది. దాలమ్మ! తాడూ బొంగరం లేని ఆ వెధవ తనే!

మీ అమ్మ నా పేషెంటని భావనకి చెప్పకూడదు. అది రోగి గుట్టు. పోనీ నోరు మూసుకుని వైద్యం చేద్దామా అంటే, అది పచ్చి మోసం. “మన సంగతి మీ అమ్మకి చెప్పెయ్యనా?” అని మాత్రం అడిగాడు. “చెప్పు, తంతుంది” అంది భావన.

“కారణం సెప్పందే నాను లెగను” అంది దాలమ్మ.

ధనుంజయ్ కళ్లు మూసుకున్నాడు. “మీరు తిట్టే ఆ అబ్బాయిని నేనేనండీ. నిన్ననే తెలిసింది. మీకు అల్లుణ్ని కావాలనుకుంటూ మీకు డాక్టరుగా ఉండకూడదు. ఇక తిడతారో, కొడతారో మీ ఇష్టం.”

దాలమ్మ వంగింది. చెప్పు కోసమేమోనని అతను కుర్చీ వెనక్కి జరిపాడు. ఆమె కాళ్ల దగ్గరున్న సంచీలోంచి గోలీల అట్టలన్నీ తీసి టేబుల్ మీద పడేసింది. వాటిలోంచి ఒక్క గోలీ కూడా తీయలేదు.

“ఇయ్యి ఎవులికైనా ఇచ్చుకో. మా పిల్ల ఫోనులో నీ మొగం సూసే ఈ గుమ్మం తొక్కినాను. నిన్న నా ఫోటో నీకు సూపించమన్నదీ నానే. నీ నోట్లో నువ్వుగింజ నానతాదో లేదో సూద్దామని! రేతిరి పిల్ల నా రోగం గురించి నన్ను ఒక్క మాట అడగనేదు. అంటే నువ్వు దానికి సెప్పనేదు.” దాలమ్మ లేచి కొంగు దులుపుకుంది. “నిద్ర పట్టట్లేదన్నది మాత్రం అబద్ధం కాదు అల్లుడూ. ఇయ్యాల పడతాది.”