గాల్లో ఆగే మోపు

ఊళ్లో ప్రతి ఇంటికీ ఇనుప పంజా బండి వచ్చేసింది. దాన్ని నడిపే మనిషి అక్కర్లేదు. ఎవరు పని నేర్పితే వాళ్ల తీరే దానికి పట్టుబడుతుంది. వెంకాయమ్మ ఇంటి బండికి నేర్పింది ఆమె భర్త. ఆయన పోయాక కూడా, గడ్డివామి వేసేటప్పుడు పంజా ప్రతి గడ్డిమోపునీ పైకెత్తి, కాసేపు గాల్లో ఆపిగానీ వదిలేది కాదు.

"వానొచ్చేత్తందమ్మా. ఇదిలా ఆగుతా ఉంటే గడ్డంతా తడిసిపోద్ది. నాన్న నేర్పింది చెరిపేత్తాను," అంది కూతురు నాగమణి, ఫోన్ తీసి.

"చెరిపితే మళ్లీ రాదేమోనే."

"రాదు. గేదెలకి నాన్న తీరు పెడతావా, గడ్డి పెడతావా?"

వెంకాయమ్మ చీర ఎగదోపి, నిచ్చెన మీదుగా వామి ఎక్కింది. పెళ్లయిన కొత్తలో ఆయన కిందనుంచి మోపు అందిస్తుంటే, పైన నిలబడి తొక్కింది తనే. ఇప్పుడు పంజా మోపునెత్తి ఆమె ముందు ఆగింది. ఆమె రెండు చేతులా పట్టుకోగానే వదిలేసి, చకచకా ఇంకోదాని కోసం వెళ్లింది.

"ఇప్పుడు ఆగట్లేదేంటమ్మా?"

"అందుకున్నాను కదే," అంది వెంకాయమ్మ, గడ్డి తొక్కుతూ. "మోపు విసిరితే నేను తూలి పడిపోతానని మీ నాన్నకి భయం."