వదిలే ఊపిరి

సూసై శంఖాల కోసం మునిగిన రోజున, తాడు లాగితే రాలేదు.

గాలి గొట్టం మాత్రం ఖాళీగా పైకి తేలింది.

ఆ తాడు పట్టుకున్నది అతని బావమరిది మిక్కేలు. ఆ తీరంలో అదే ఆచారం. మునిగేవాడి తాడు భార్య తోడబుట్టినవాడే పట్టాలి. తోబుట్టువు విధవ కావాలని ఎవడూ కోరుకోడు కనుక ఆ చెయ్యి ఏమరదని నమ్మకం.

మూడో రోజు పొరుగు రేవు కీళక్కరై నుంచి వచ్చిన పడవవాళ్ళు శవాన్ని వెతికి తెచ్చి, ఒడ్డున దించి వెళ్ళారు.

"కునుకు పట్టిందక్కా. బావ తాడు గుంజి పిలిచాడేమో, నాకు తెలియలేదు," అన్నాడు మిక్కేలు, అందరి ముందూ.

సూసై భార్య అమలోర్పవం ఆ తర్వాత తమ్ముడితో మాట్లాడలేదు. పూటపూటా అన్నం కంచం అతని గడపలో పెట్టి వచ్చేసేది. అందులో సగం కాకులే తినేవి. మిక్కేలు గోడకు ఆనుకుని కూర్చునేవాడు. సముద్రం వైపు చూసేవాడు కాదు. మనిషి చిక్కి సగమయ్యాడు.

తిట్టుకోవడానికైనా వీడు మిగులుతాడా అని ఆమెకు లోపల భయం.

ఐదో నెలలో ఒక కుంటి మనిషి వచ్చాడు. పేరు నైనా అన్నాడు. ఊరు చెప్పలేదు. రోజూ పొద్దున్నే బస్సు దిగి, కర్ర ఆనించుకుంటూ ఇసకలో నడిచి వచ్చి మిక్కేలు పక్కన కూర్చునేవాడు.

"పోలీసువాడేమో. కునుకు సంగతి కూపీ లాగుతున్నాడు," అన్నాడు పడవ యజమాని రాయప్పన్.

"కుంటివాణ్ణి పోలీసులో ఎవరు పెట్టుకుంటారన్నా?" అంది అమలోర్పవం.

"అది నిజం కుంటేనని నువ్వు చూశావా?"

మర్నాడు ఆమె తమ్ముడి ఇంటి తాటాకు దడి వెనక నిలబడి వాళ్ళిద్దరి మాటలు వింది.

"పీల్చు. నాలుగు లెక్కపెట్టు. ఇప్పుడు వదులు. మెల్లగా, ఎనిమిది దాకా."

"రావట్లేదు భాయ్."

"రాకపోతే పోనీ. మళ్ళీ పీల్చు."

వారం గడిచేసరికి కంచం ఖాళీగా తిరిగి రావడం మొదలైంది. దానికి సంతోషించాల్సింది పోయి, ఏం మందు పెట్టాడో అనుకుంది ఆమె.

ఇంకో రోజు ఇంకో మాట వినబడింది.

"ఆ సంగతి మీ అక్కకు చెప్పేయనా?"

"వద్దు భాయ్. నాకు మాటిచ్చావు."

అమలోర్పవం దడి తోసుకుని లోపలికి వచ్చింది.

"ఏమయ్యా, ఏంటి మీ గూడుపుఠాణీ?"

"ఊపిరి తీసుకోవడం నేర్పుతున్నానమ్మా."

"సముద్రం ఒడ్డున పుట్టినవాడికి ఊపిరి నేర్పుతావా? రేపు చేపలకి ఈత కూడా నేర్పుతావు కాబోలు!"

నైనా నవ్వాడు. "మా పనిలో ఊపిరి బిగబట్టడం అందరూ నేర్పుతారు. వదలడం ఎవరూ నేర్పరమ్మా."

"అయితే వీడి దిగులు పోగొడతావన్నమాట."

"పోగొట్టను. దిగులు ఊరికే రాదు. పోయినవాడు మనకు ఎంతటివాడో తెలియాలంటే మనసు కొన్నాళ్ళు అడుగున కూర్చోవాలి. కూర్చోనివ్వాలి. అక్కడే ఉండిపోకుండా ఈ ఊపిరి."

"అడుగున ఎలా ఉంటుందో చూసొచ్చినట్టు చెబుతున్నావే!"

నైనా తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

"మనిషి పోయిన కుటుంబం మాది. నీకిక్కడేం పని? రేపటి నుంచి రాకు."

"అక్కా..." అన్నాడు మిక్కేలు.

ఆమె తమ్ముడి వైపు తిరగలేదు.

"సరేనమ్మా," అని నైనా కర్ర అందుకున్నాడు. లేవడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ చెయ్యి అందించలేదు.

రెండు నెలల తర్వాత రాయప్పన్ కీళక్కరై వెళ్ళొచ్చాడు. నేరుగా ఆమె ఇంటికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ నైనా పోయాడమ్మా. జ్వరమట."

"ఎవరట అతను?"

"సూసైని పైకి తెచ్చింది అతనే. పోయేముందు తన ఇంటివాళ్ళకు అన్నీ చెప్పాడట."

ఆమె చేతిలోని చేట కింద పెట్టింది.

"లోతు నుంచి ఆగి ఆగి పైకి రావాలి కదా, లేకపోతే ఒళ్ళు పడిపోతుంది. ఆగితే నీటి ఉరవడికి శవం చేజారేలా ఉందట. భుజాన వేసుకుని ఒక్క ఊపున వచ్చేశాడు. నడుము కింద చచ్చుబడింది. అతన్ని ఇంకో పడవలో ఆసుపత్రికి పట్టుకుపోయారు. అందుకే అప్పుడు మనమెవరం చూడలేదు. నాలుగు నెలలకు గాని కర్ర పట్టి నడవలేకపోయాడు."

"మరి ఆ మాట చెప్పొచ్చు కదా?"

"చెబితే మిగతాదీ చెప్పాలి. సూసై నడుముకు తాడు లేదట. తానే విప్పి రాతికి కట్టి, శంఖాల కోసం బండ కింద దూరాడు. ఇక గుంజి పిలిచేదెలా? మిక్కేలు మెలకువగానే ఉన్నాడమ్మా."

"మరి వాడెందుకలా చెప్పాడు?"

రాయప్పన్ నేల చూశాడు.

"ఆ పొద్దున సూసై పడవెక్కుతుంటే నువ్వన్న మాట మిక్కేలు విన్నాడట. ఆ నింద నీకు తగలకూడదని."

ఆమెకు గుర్తుంది. శంఖాల సంచి నిండకుండా ఈ గడప తొక్కకు అంది.

సాయంత్రం కంచం తీసుకుని వెళ్ళింది. మిక్కేలు సముద్రం వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. ఛాతీ మెల్లగా లేచి, ఇంకా మెల్లగా దిగుతోంది. ఎనిమిది దాకా ఆమె కూడా లోలోపల లెక్కపెట్టింది.

కంచం పెట్టి, ఈసారి పక్కనే కూర్చుంది.

"చేప ముళ్ళు చూసుకుని తిను," అంది.

ఏడు నెలలకు అది మొదటి మాట.

నైనా ఇంటివాళ్ళను చూడ్డానికి కీళక్కరైకి ఆమె ఇంకా వెళ్ళలేదు. తనకు తెలుసన్న సంగతి తమ్ముడికీ ఇంకా చెప్పలేదు.