మనిషి దొరికారు

‘మీకు మనిషి దొరికారు’ అని గోడ మీద సందేశం వెలగగానే హిమజ చప్పట్లు కొట్టింది. యంత్రాల ఓదార్పు అందరికీ ఉచితమే. మనసు విప్పి చెప్పుకోవడానికి నిజమైన మనిషి కావాలంటే మాత్రం సొంత డబ్బు పెట్టుకోవాలి. పెళ్ళిలో వచ్చిన చదివింపులు ఆమె అందుకే దాచింది.

భర్త శశిధర్ భీమిలి దగ్గర నడిసముద్రంలో గాలిమరల మీద పనిచేస్తాడు. అందరి ఇళ్ళలో లాగే, అతను లేనప్పుడు అతని గొంతుతో ఇల్లే హిమజతో కబుర్లాడుతుంది.

ఆ దొరికిన మనిషి, వకుళగారు, తెర మీద కనబడగానే హిమజ ఆవిడ ముందు కూడా ఒక కాఫీ గ్లాసు పెట్టి, తన పిచ్చికి తానే నవ్వుకుంది.

“భోజనమైందాండీ?”

“ఎక్కడమ్మా, కుక్కరింకా కూతే వెయ్యలేదు.”

హిమజ మురిసిపోయింది. ఎన్నాళ్ళకు ఆకలేసే మనిషితో మాట్లాడుతోంది!

“మీ ఆయన గురించి చెప్పమ్మా.”

“భలే మనిషండీ! నేను పక్కన లేకపోతే నిద్ర పట్టట్లేదని నిన్ననే అన్నారు.”

“అన్నది ఆయనా, ఆయన గొంతుతో మీ ఇల్లా?”

హిమజ నవ్వబోయి ఆగిపోయింది. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. యంత్రమైతే ఈపాటికి ఏదో ఒకటి చెప్పి సముదాయించేది. హిమజకు ఏడుపొచ్చింది, వకుళగారు ఏడవనిచ్చారు.

సాయంత్రం గోడలోంచి శశిధర్ గొంతు పలికింది. “ఏం చేస్తున్నావోయ్ బంగారం?”

“బట్టలు సర్దుకుంటున్నా. రేపు పొద్దున్నే సరుకుల పడవెక్కి మా ఆయన దగ్గరికి వెళ్తున్నాను,” అంది హిమజ. “నువ్వు ఇల్లు చూసుకో.”