గోపమ్మ చెప్పిన ముఖం

"ఫోటో లేకుంట మొఖం ఎట్ల గియ్యాలమ్మా? నేనేమన్న మంత్రగాన్నా?"

పక్క షెడ్డులోంచి పరమేష్ గొంతు గట్టిగా వినిపించింది. పెద్ద విగ్రహానికి రంగు వేస్తున్న మల్లీశ్వరి చేతిలో బ్రష్షు ఆగింది.

నల్గొండలో ఆ వీధిని బొమ్మల గల్లీ అంటారు. బొమ్మలు గీసేవాళ్లూ విగ్రహాలు చేసేవాళ్లూ అక్కడ పక్కపక్కనే ఉంటారు. ఏటా ఒక ఆదివారం షెడ్ల తలుపులన్నీ బార్లా తెరిచి పెడతారు. ఎవరైనా లోపలికి రావచ్చు, పని చేస్తుంటే నిలబడి చూడవచ్చు. ఈ ఏటి ఆదివారం ఇదే. గల్లీ నిండా జనం.

మల్లీశ్వరి చేసేది పోయినవాళ్ల విగ్రహాలు. పొలం గట్టునో, ఇంటి ముందో కన్నవాళ్ల బొమ్మ నిలబెట్టుకోవాలనుకునేవాళ్లు ఆమెను వెతుక్కుంటూ వస్తారు.

గడపలో ఒకామె వచ్చి నిలబడింది. ముప్పై ఏళ్లుంటాయి. భుజాన గొంగడి. నుదుట బొట్టు లేదు.

"అక్కా, నా పేరు గోపమ్మ. దేవరకొండ దిక్కు గొర్లు కాస్తం. గల్లీ మొత్తం తిరిగిన. అందరు ఫోటో తెమ్మంటున్నరు. నువ్వన్న చేస్తవా?"

"ఒక్క ఫోటో సుత లేదా చెల్లె?"

"లేదు. మొఖం నా కండ్లల్లనే ఉన్నది. దినాం జరంత చెరిగిపోతాంది. పొద్దున ముక్కు యాదికి రాక గుండె ఆగినంత పనైంది. ఇయ్యాల గాకపోతే ఇగ దొరకదక్కా."

"ఏమైంది?"

"మంద తోలుకొని పోతున్నం. అప్పుడే తెల్లారుతాంది. బండి గుద్దింది. మా ఇంటాయన రోడ్డు మీదనే పానం ఇడిసిండు."

మల్లీశ్వరి బ్రష్షు పక్కన పెట్టి, తడి గుడ్డ కింద ఉన్న బంకమట్టి ముద్దను తీసి పీట మీద వేసింది.

పరమేష్ తల లోపలికి పెట్టాడు. "ఏందక్కా గిది? హైదరాబాదు నుంచి పెద్దోళ్లు వస్తున్నరు. గా పెద్ద విగ్రహానికి రంగెవ్వరెయ్యాలె?"

"నువ్వెయ్యి తమ్మీ."

"మరి నా బొమ్మల కాడ ఎవలుంటరు?"

"నీ బొమ్మలు యాడికి పోతయ్‌రా? ఎత్తుకపోయెటోడు సుత దొరకాలె గద!"

చూడటానికి వచ్చిన జనం గొల్లున నవ్వారు. పరమేష్ గొణుక్కుంటూనే బ్రష్షు అందుకున్నాడు.

"చెప్పు చెల్లె. నుదురు?"

"చిన్నది. వెంట్రుకలు దాని మీదికి పడ్డయ్."

"ముక్కు?"

"కొనకు వెడల్పు. మా మందల నల్ల పొట్టేలుకున్నట్టు."

ఎవరో కిసుక్కుమన్నారు. గోపమ్మ నవ్వలేదు. "ఏ గొర్రె మొఖం దానిదే అక్కా. ఒక్కసారి చూస్తే నేను అంత జల్ది మర్వ."

మల్లీశ్వరి వేళ్లు వేగంగా కదిలాయి. దవడ తేలింది. పెదవులు పడ్డాయి. అలవాటు కొద్దీ బొటనవేలు పెదవి చివరను కొంచెం పైకి నెట్టింది.

"నవ్వియ్యకు!" గోపమ్మ గొంతు కరుగ్గా పలికింది.

"పోయినోళ్లు నవ్వుతున్నట్టుంటే చూసెటోళ్లకు నిమ్మలముంటదే. అందరు గట్లనే అడుగుతరు."

"గీ మొఖం నవ్వలే. మూతి బిగవట్టి ఉండె. ఎట్లున్నదో గట్లనే కావాలె."

"సరే. కనుబొమ?"

"కుడి కనుబొమ మీద గాటు. నిలువుగ."

"గది జర కనవడకుంట చేస్త తియ్."

"వద్దక్కా. ఇంకా లోతుగ తియ్యి. గదే ముఖ్యం."

గుంపులోని ఒక ముసలమ్మ ముక్కు చీదింది. "మొగని మీద ఎంత పావురమో, ఎంత ప్రేమో చూడుర్రి! గాటు సుత ఇడుస్తలేదు."

హైదరాబాదు అతిథులు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పరమేష్ కంగారుగా సైగ చేశాడు. మల్లీశ్వరి తల తిప్పలేదు. "జర ఆగమను తమ్మీ. విగ్రహం యాడికి పోదు. గీ మొఖమే పోయేటట్టున్నది."

కళ్లు కుదరలేదు. చెరిపేసింది. మళ్లీ పెట్టింది. గోపమ్మ అడ్డంగా తల ఊపింది. మళ్లీ చెరిపేసింది. నడుము పట్టేసింది, వేళ్లు కొంకర్లు పోయాయి. ఇద్దరిలో ఒక్కరూ తగ్గలేదు.

"ఎడమ చెవి ఎట్లుంటది?"

గోపమ్మ కళ్లు మూసుకుంది. "తెల్వదక్కా."

"ఫికర్ చెయ్యకు. కుడిదాన్ని చూసి చేస్త."

"వద్దు. తెల్వనిది పెట్టకు. ఖాళీగనే ఉంచు."

దుఃఖం మనిషిని ఎంత మొండిగా చేస్తుందో అనుకుంది మల్లీశ్వరి. చెవి జోలికి పోకుండా, రెప్పల మీద చివరిసారి పుల్ల ఆడించి, పీటను గోపమ్మ వైపు తిప్పింది.

గోపమ్మ ఒక్క అడుగు వెనక్కి వేసింది. పిడికిళ్లు బిగుసుకున్నాయి.

"గిదే," అంది. "గిదే మొఖం."

"ఏడ్వు బిడ్డా," ముసలమ్మ వీపు నిమిరింది. "ఏడిస్తే మనసు తేలికైతది."

గోపమ్మ ఏడవలేదు. సెల్లు తీసి ముందు నుంచి ఒక ఫోటో, కుడి పక్క నుంచి ఒక ఫోటో తీసుకుంది.

మల్లీశ్వరి చేతుల మట్టి కడుక్కుంటూ అడిగింది. "ఫైబర్‌తోని అచ్చు పోసి పంపిస్త చెల్లె. కింద పేరు చెక్కుతం గద, ఏమని చెక్కాలె?"

"నా మొగుణ్ని గుద్ది పారిపోయినోని పేరు ఇగ పోలీసోళ్లే కనుక్కోవాలక్కా."