దగ్గుమందు ట్యాంకు

వనపర్తి శివారులో పిల్లల దగ్గుమందు చేసే చిన్న ఫ్యాక్టరీలో నందిని నాణ్యత పరీక్షించేది. ఆ రాత్రి సీసాలను ఒక్కొక్కటే లైటుకు ఎదురుగా పట్టి చూస్తుంటే, ఒకదాంట్లో పొడవాటి వెంట్రుక కనిపించింది. తర్వాతి సీసాలోనూ ఉంది. ఆ తర్వాతి దాంట్లోనూ ఉంది.

సూపర్‌వైజర్ దేవరాజును పిలిచి చూపించింది. "సార్, పసిపిల్లలు తాగే మందు ఇది. నేను సంతకం పెట్ట."

"వడగట్టి మళ్ల నింపుదం తియ్. పొద్దుగాల లారీ వస్తది," అని అతను ఆవులిస్తూ ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయాడు.

నందిని నేరుగా మందు నిండిన పెద్ద ట్యాంకు దగ్గరికి వెళ్ళి, అడుగునున్న వాల్వు తిప్పేసింది. చిక్కటి ఎర్రటి మందు గుటకలు వేస్తున్నట్టు చప్పుడు చేస్తూ మోరీ కాలువలోకి జారింది. ఆ తీపి వాసనకు ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏం జేస్తున్నవ్? పాగలైనవా?" అంటూ దేవరాజు ఉరికొచ్చి వాల్వు పట్టుకున్నాడు.

అప్పటికే ట్యాంకు ఖాళీ అయింది. చప్పుడు ఆగింది.

మూత వేసిన ట్యాంకు లోపల ఎవరో సన్నగా దగ్గారు.

దేవరాజు చెయ్యి వాల్వు మీదే బిగుసుకుపోయింది.

"అమ్మా," అంది లోపలి పసిగొంతు, "చేదున్నది. నేనింక తాగ."